ముద్ర కింది ఫోటో

చదివేదేదైనా పుస్తకమే అని పై ఆఫీసు వాళ్లు తేల్చి పారేశారు. అంతకుముందు పుస్తకం అంటే ఏమిటో మా వేమూరిపేట శాఖా గ్రంథాలయంలో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. పైన అట్ట, మధ్యలో కాగితాలు, కాగితాల నడుమ ఒకటో రెండో చచ్చిన చీమలు ఉంటే అది పుస్తకం. ఇప్పుడు ఉత్తర్వు వచ్చింది. "పాఠకుడు దేనిని చేతబట్టి చదువునో అది పుస్తకముగా పరిగణించబడును. పుస్తకమునకు వర్తించు సమస్త నిబంధనలు దానికిని వర్తించును" అని దాని సారాంశం. సారాంశమే అంత ఉంది కాబట్టి పూర్తి పాఠం జోలికి ఎవరూ పోలేదు.

ఆ వెనకాలే ఒక ట్యాబ్లెట్ కొనుక్కోమని అనుమతి కూడా వచ్చింది. పాఠకులు అందులో పుస్తకాలు చదువుకోవాలి, ఊరి పాత ఫోటోలు చూసుకోవాలి. మా గ్రంథాలయంలో ఊరి పాత ఫోటోల ఆల్బమ్ ఒకటి ఉండేది. దాన్ని పట్టుకెళ్లి, స్కాన్ చేసి, ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపారు. ఆల్బమ్‌ను మాత్రం భద్రపరిచామన్నారు. ఎక్కడ అని అడిగితే భద్రంగా అన్నారు.

ఏ ట్యాబ్లెట్ కొనాలో తేల్చడానికి కమిటీ వేశారు. అధ్యక్షులు గ్రంథపాలకులు పరాంకుశం గారు. ఆయన నిబంధనల్లో పుట్టి నిబంధనల్లో పెరిగిన మనిషి. సభ్యుల్లో ఒకరు వీరరాఘవయ్య గారు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై, తలుపు తీయగానే వచ్చి, పేపరు కాగితాలన్నీ ఒళ్లో వేసుకుని కూర్చుంటారు. ఆయన నిద్రపోయాక మిగతావాళ్లం ఒక్కొక్క కాగితం లాక్కుని చదువుకుంటాం. రెండో సభ్యుణ్ణి నేను. నా పేరు చలపతి. గ్రంథాలయం ఎదురుగానే నా కళ్లజోళ్ల కొట్టు. కమిటీలో 'దృష్టి సంబంధిత నిపుణుడు' ఒకడు ఉండాలని ఉత్తర్వులో ఉందట. పరాంకుశం గారు కిటికీలోంచి చూస్తే నేను కనిపించాను.

నేను ఒప్పుకున్నది టీ బిస్కెట్ల కోసం కాదు. భ్రమరాంబ పిన్ని కోసం.

వరసకి ఆవిడ నాకేమీ కాదు, ఊరి వరస. ఎనభై దాటాయి. రెండు కళ్లకూ నీటికాసులు. చూపు చుట్టూతా మూసుకుపోయి మధ్యలో రూపాయి బిళ్లంత మిగిలింది. ఇక అద్దాలు మార్చి లాభం లేదని నేనే చెప్పాను. మిగిలిన బిళ్ల కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని గుంటూరు డాక్టరు అన్నాడు. అయినా ఆవిడ నా కొట్టుకి వచ్చి కూర్చుంటుంది. ఆల్బమ్ స్కానై వచ్చిందని తెలిసిన రోజున మామూలుకంటే ముందే వచ్చింది.

"అందులో సైకిల్ పందెం ఫోటో ఉందంట కదా చలపతీ?"

"ఉందంట పిన్నీ. మీరు గెలిచినప్పటిది."

"గెలిచింది నాకూ తెలుసులేవయ్యా. దానికోసం కాదు. మా అమ్మ వచ్చిందో లేదో చూడాల."

మున్సిపాలిటీ వాళ్లు ఏదో ఉత్సవానికి ఆడపిల్లలకు సైకిల్ పందెం పెట్టారట. తల్లి వద్దే వద్దంది. సైకిలెక్కితే కాళ్లు విరగ్గొడతానంది. ఈవిడ అద్దె సైకిల్ తెచ్చుకుని ఎక్కేసింది.

"చెప్పులు పెడలు మీద జారతన్నాయని ఇప్పి, పందెం మొదలెట్టిన మున్సిపల్ ఆఫీసు కాడ పడేశా. అవతల కాలవ లాకుల దగ్గరికొచ్చి గెలిచా. అక్కడే స్టేజీ మీద టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. అది పట్టుకుని దిగేతలికి నా చెప్పులు మెట్ల దగ్గరున్నయ్. నా నేస్తం సరోజిని తెచ్చిందేమో అనుకున్నా. ఇంటికిపోతే అమ్మ పప్పు రుబ్బతా కూచుంది. తలెత్తి చూళ్ళా. తర్వాత ఎవరో అన్నారు, మీ అమ్మ జనంలో వెనకాల నిలబడిందీ అని. అడుగుదామంటే భయం. మరుసటేడు జొరమొచ్చి పోయింది. ఇంట్లో ఆమెది ఒక్క ఫోటో లేదు."

ఈ మాట చెప్పి ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. జనంలో వెనక నిలబడ్డ మనిషి ముఖం ఆ ఫోటోలో ఆవగింజంత ఉంటుంది. కాగితం మీద ఎంత అచ్చువేసినా పిన్ని కళ్లకు ఆనదు. కానీ ట్యాబ్లెట్‌లో వెలుగు లోపలినుంచి వస్తుంది, ఆవగింజను అరిసెంత చెయ్యొచ్చు. ఆ బిళ్లంత చూపు ఉండగానే ఆ పని జరగాలి. నేను నేరుగా పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, ట్యాబ్లెట్ వచ్చేదాకా ఎందుకు? గ్రంథాలయంలో కంప్యూటరుంది కదా, అందులో చూపిద్దాం."

"కంప్యూటరు ఫర్నిచరు పద్దు కింద వచ్చిందండీ" అన్నారాయన నొచ్చుకుంటూ. "బెంచీలు, బీరువాలు, కంప్యూటరు. ఫర్నిచరు మీద కూర్చుని చదవవచ్చును. ఫర్నిచరునే చదువుతానంటే ఆడిట్ వారు ఆక్షేపిస్తారు."

"పోనీ నా ఫోన్‌లో ఎక్కించుకుంటాను."

"గ్రంథాలయ పుస్తకమును ఎత్తి రాసుకున్నట్టు అవుతుంది. మంచి ఫోటోలండీ. నేను నా ఫోన్‌లో చూశాను."

"మీరు చూశారుగా?"

"అది పరిశీలన. పరిశీలన వేరు, పఠనము వేరు" అని పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు.

గుంటూరు నుంచి షాపు కుర్రాడు మూడు ట్యాబ్లెట్లు నమూనాకు తెచ్చాడు. ఒకటి చిన్నది, అరచేతిలో ఇమిడేది. ఒకటి మధ్యరకం, నలుపు తెలుపుది. తెర అచ్చం కాగితంలాగే ఉంది. చదువుకుంటే కళ్లు లాగవు. మూడోది పళ్లెమంత పెద్దది, బరువైనది, రంగులది. ఫోటో పెడితే గదిలో దీపం పెట్టినట్టు ఉంది. చదువుకి రెండోది, ఫోటోలకి మూడోది బాగుంటాయని, రెండూ ఒకదానిలోనే కావాలంటే పెద్దదే తీసుకోండని కుర్రాడు రెండు ముక్కల్లో చెప్పేసి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. విషయం అంతటితో తేలిపోయిందని నేను అనుకున్నాను. కమిటీలో కూర్చోవడం నాకదే మొదటిసారి.

"మన ఫోటోలన్నియు నలుపు తెలుపు" అన్నారు పరాంకుశం గారు. "నలుపు తెలుపు ఫోటోలకు రంగుల ట్యాబ్లెట్ దుబారా కాదా?"

నేను మధ్యరకం దాంట్లో ఒక ఫోటో తెరిచి చూపించాను. బూడిదలో బూడిద కలిపినట్టు ఉంది. "చూడండి, అప్పటి మున్సిపల్ ఛైర్మన్ గారి ముఖం ఎక్కడుందో తెలీటం లేదు."

వీరరాఘవయ్య గారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "ఆయన అసలుకే అట్టా ఉండేవాడయ్యా" అన్నారు.

ఆ పూట అలా గడిచింది. మర్నాటి నుంచి శాస్త్రీయ పరీక్షలు మొదలయ్యాయి. పుస్తకానికి వర్తించేవన్నీ దీనికీ వర్తిస్తాయి కాబట్టి, పాఠకులు పుస్తకాన్ని ఏమేమి చేస్తారో అవన్నీ దీన్నీ చెయ్యాలన్నారు. మొదట ఛాతీ పరీక్ష. మన పాఠకుల్లో చాలామంది పడుకుని, పుస్తకాన్ని గుండెల మీద పెట్టుకుని చదువుతారు. వీరరాఘవయ్య గారిని బల్ల మీద పడుకోబెట్టి ఒక్కొక్కటే గుండెల మీద పెట్టాం. చిన్నది పెడితే మెలకువగానే ఉన్నారు. మధ్యరకం పెడితే ఆవలించారు. పెద్దది పెట్టీ పెట్టగానే గురక. 'పుస్తక లక్షణములు పెద్దదానిలో పుష్కలముగా గలవు' అని పరాంకుశం గారు రాసుకున్నారు. నా మనసు కాస్త కుదుటపడింది.

తర్వాత ఉమ్మి పరీక్ష. మా ఊళ్లో నాలుక మీద వేలు తడుపుకోకుండా పేజీ తిప్పినవాణ్ణి నేను చూడలేదు. తడి వేలు పెడితే మూడింటిలో ఏదీ సరిగా తిరగలేదు. ఒకటైతే తనంతట తానే వెనక్కి పోయింది. ఇది పెద్ద లోపమని, తడివేలును స్వీకరించే ట్యాబ్లెట్ లోకంలో ఎక్కడైనా ఉందేమో విచారించాలని లేఖ పంపారు. జవాబు కోసం నెల ఆగాం. జవాబు వచ్చింది. వేలు తడుపుకోవద్దని పాఠకులకు నచ్చజెప్పే బాధ్యత దృష్టి నిపుణుడికి అప్పగించారు.

ఆపైన చెదల పరీక్ష. కొత్త పుస్తకాలను ముందు తూర్పు బీరువాలో ఉంచడం మా దగ్గర ఆనవాయితీ. అక్కడ చెదలు పట్టకపోతే ఇంకెక్కడా పట్టవు. మూడు ట్యాబ్లెట్లనూ పెట్టెలతో సహా అందులో పెట్టి తాళం వేశారు. మళ్లీ తీసేసరికి వానాకాలం వచ్చింది. పెట్టెలు లేవు. వాడే విధానం చెప్పే కాగితాలూ లేవు. ట్యాబ్లెట్లు మాత్రం నున్నగా ఉన్నాయి. చెదలు కూడా చదవని పుస్తకం పాఠకులు చదువుతారా అని వీరరాఘవయ్య గారు అనుమానం వెలిబుచ్చారు. దాని మీద ఇంకో సమావేశం నడిచింది.

ఈలోగా పిన్ని కొట్టుకి వస్తూనే ఉంది. గడప ఎక్కడుందో కాలితో తడుముకోవడం మొదలుపెట్టింది. "ఎందాకా వచ్చిందయ్యా మీ కమిటీ?" అని అడిగేది. నేను చెదల సంగతి చెబితే పకపకా నవ్వేది. ఒకరోజు మాత్రం నవ్వలేదు. "నాకు తొందరేం లేదనుకోబాకు చలపతీ" అని ఊరుకుంది. నాకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం సమావేశంలో గొంతు పెంచాను.

"సార్, ఏదో ఒకటి తేల్చండి. పెద్దది తీసుకోండి."

"ఏ ప్రాతిపదికపై?"

ఏ ప్రాతిపదికా లేదు. ముసలావిడ వాళ్లమ్మను చూసుకోవాలనేది ప్రాతిపదికల్లోకి రాదు. గది చుట్టూ చూశాను. బల్ల మీద గ్రంథాలయం గుండ్రటి ఇత్తడి ముద్ర ఉంది. అట్లకాడంత పిడి, సాసరంత మొహం.

"ముద్ర" అన్నాను. "చిన్నదాని మీద ఈ ముద్ర పట్టదు. మధ్యరకం దాని మీద వేస్తే ఇంకేమీ కనపడదు. పెద్దదాని మీదైతే నిండుగా ఉంటుంది."

పరాంకుశం గారి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ఇన్నాళ్లకు ఒక దృష్టి నిపుణుడు దృష్టి పెట్టాల్సిన చోట పెట్టాడన్నారు. పెద్ద ట్యాబ్లెట్ ఏకగ్రీవంగా ఎంపికైంది.

ముద్ర గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ రెండు చోట్ల ముద్ర వేస్తారు. ఒకటి ముఖపత్రం మీద. రెండోది రహస్య పేజీ మీద. ఎవడైనా దొంగ ముఖపత్రం చింపేసి పుస్తకం అమ్ముకున్నా, రహస్య పేజీ తెరిస్తే పట్టుబడిపోతాడు. మా రహస్య పేజీ పదిహేడు. ఈ రహస్యం ఊళ్లో అందరికీ తెలుసు, దొంగలకు కూడా. ముద్రకు వాడేది చెరగని సిరా. పరాంకుశం గారి చొక్కా జేబు మీద పడ్డ చుక్క ఆయనతోపాటే రిటైరవుతుందని చెప్పుకుంటారు.

మంచి రోజు చూసి ట్యాబ్లెట్‌ను బల్ల మీద పడుకోబెట్టారు. ఫోటోలన్నీ అందులోకి ఎక్కించారు. మొదటి తెరే ముఖపత్రం అని నిర్ణయించి, పరాంకుశం గారు రెండు చేతులతో ముద్ర ఎత్తి, తెర నట్టనడుమ అద్దారు. ఊదారంగు చక్రం నిండుగా పడింది. ఆయన ఆరేదాకా విసనకర్రతో విసిరి, పదిహేడో పేజీ తియ్యమన్నారు. నేను పదిహేడో ఫోటో తెరిచాను. అది సైకిల్ పందెం. స్టేజీ, జెండాలు, జనం. సరిగ్గా మధ్యలో, గెలిచిన పిల్ల ఉండాల్సిన చోట, ముద్ర.

పరాంకుశం గారు ముద్ర కింద పెట్టేశారు. "ఈ పేజీకి ముద్ర ముందే ఎవరు వేశారు?"

"అది ఇందాకటిదే సార్. అద్దం మీద ఉంది."

"అద్దము మీద కాదండీ, ముఖపత్రము మీద వేశాం. మీ కళ్లముందే వేశాం" అని పదహారో ఫోటో తిప్పించారు. ముద్ర. పద్దెనిమిది తిప్పించారు. ముద్ర. మున్సిపల్ ఛైర్మన్ ముఖం మీదా ముద్రే. వెంటనే జిల్లా పరిశీలనాధికారి ధర్మలింగం గారికి ఫోన్ కలిపారు. అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టారు.

"సదరు ముద్ర సమస్త పుటలయందును గోచరించుచున్నదా?" అన్నారు ధర్మలింగం గారు.

"గోచరించుచున్నది సార్."

"హర్షణీయము. ఒక్క ముద్రతో సమస్త పుటలు ముద్రితమగుట సిరా పొదుపు చర్య. నివేదికలో ప్రముఖముగా పేర్కొనుడు. అయినను రహస్య పేజీ ముద్ర వేరు. అది విధిగా వేయవలెను."

వేశారు. పదిహేడో ఫోటోలో కుడివైపు మూలన, జనం మీద. రెండో ముద్ర కూడా ఊరుకోలేదు, అన్ని ఫోటోల్లోకీ వెళ్లి కూర్చుంది. అప్పుడు వీరరాఘవయ్య గారు నిద్రలోంచి లేచి ఒక మాటన్నారు. "రహస్య ముద్ర అన్ని పేజీల మీదా ఉందంటే అన్నీ రహస్య పేజీలే గదా. రహస్యాలు జనానికి చూపించొచ్చా?"

ఇన్ని నెలలూ నిద్రపోయిన మనిషి సరిగ్గా ఇప్పుడే లేవాలా! మళ్లీ ఫోన్ వెళ్లింది. అవతల ఏవో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. చివరికి ధర్మలింగం గారు గొంతు సవరించుకున్నారు. "సదరు పేజీలను బహిరంగ రహస్యములుగా పరిగణించవలెను" అన్నారు. కమిటీ చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

ప్రారంభోత్సవం గురువారం అని ఖాయమైంది. శుక్రవారం బైండింగ్.

"బైండింగ్ ఏమిటి సార్?" అన్నాను.

"కొత్త పుస్తకమునకు కాలికో గుడ్డ బైండింగ్ తప్పనిసరి. బైండరు మౌలాలి శుక్రవారమే వస్తాడు. నిజానికి బైండింగ్ పూర్తయ్యాకనే పాఠకునికి ఇవ్వాలి. ధర్మలింగం గారికి గురువారం తప్ప వీలు లేదని మినహాయింపు తీసుకున్నాం."

నేను మౌలాలి దగ్గరికి పరుగెత్తాను. అతను మా కొట్టు పక్క సందులోనే ఉంటాడు. ట్యాబ్లెట్‌కి కుట్లు వేస్తావా అని అడిగితే, "చూశా బాబుగారూ. ఒకటే కాయితం గానీ మందంగా ఉంది. కుట్లేసే ఆరతో అయ్యే పని కాదు. బరమా పెట్టి మూడు తూట్లు కొట్టి దారం తీస్తా" అన్నాడు. కొత్త రకం పని దొరికిందని ఉత్సాహంగా ఉన్నాడు. తిరిగి పరాంకుశం గారి దగ్గరికొచ్చి, "సార్, తూట్లు పొడిస్తే అది చచ్చిపోతుంది" అని చేతులు పట్టుకున్నాను.

ఆయన నా భుజం తట్టారు. "ముప్పై ఏళ్ల సర్వీసండీ నాది. బైండింగ్ వల్ల చచ్చిపోయిన పుస్తకాన్ని ఒక్కదాన్ని కూడా చూడలేదు."

అంటే పిన్నికి ఉన్నది గురువారం ఒక్కటే. మొదటి పాఠకుడిగా ఎవరిని పిలవాలన్న చర్చలో, అత్యంత సీనియర్ పాఠకురాలైతే పేపర్లో ఫోటో బాగా వస్తుందని నేను అన్నాను. ఆ వాదన ఒక్కటే ఏ పరీక్షా లేకుండా నెగ్గింది.

గురువారం పొద్దున్నే ట్యాబ్లెట్‌ను నా కొట్లో ఛార్జింగ్ పెట్టి నిండుగా చేసి ఇచ్చాను. పుస్తకాలకు కరెంటు ఖర్చు చూపించే పద్దు గ్రంథాలయంలో లేదు. పరాంకుశం గారు దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, బంతిపూల దండ వేసి, బల్ల మీద నిలబెట్టారు. ప్రారంభమయ్యే పుస్తకం తెరిచి ఉంచడం శుభమని ఆన్ చేసి ఉంచారు. పూర్తి వెలుగుతో. నేను ఆర్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. పది గంటలకు రావాల్సిన ధర్మలింగం గారు భోజనాల వేళకు వచ్చారు. వచ్చి మైకు పుచ్చుకున్నారు.

"ఈ శుభ తరుణమున ఈ యొక్క పుస్తకము యొక్క ఎంపిక యొక్క నేపథ్యమును సంక్షిప్తముగా వివరించెదను" అని తాటాకుల కాలం నుంచి మొదలుపెట్టారు. పిన్ని ముందు వరసలో ఉతికిన నేత చీర కట్టుకుని కూర్చుంది. నేను ట్యాబ్లెట్ పక్కనే నిలబడ్డాను. మూలన బ్యాటరీ గుర్తు సన్నబడుతూ వస్తోంది. ఆయన రాగి రేకుల దగ్గరికి వచ్చేసరికి సగం. కాగితం కనిపెట్టేసరికి పావు. అచ్చుయంత్రం ఇంకా రానేలేదు, గుర్తు ఎర్రబడింది.

ఇక లాభం లేదని చప్పట్లు మొదలుపెట్టాను. ఆయన ఒక వాక్యం మధ్యలో ఊపిరి తీసుకున్న సందు అది. ఆకలితో ఉన్న జనం అందుకున్నారు. హాలంతా మోతెక్కిపోయింది. ధర్మలింగం గారు ఒక క్షణం తెల్లబోయి, ప్రసంగం ముగిసిందేమోనని తానూ నమ్మి, నమస్కారం పెట్టి కూర్చున్నారు.

నేను దండ తీసేసి ట్యాబ్లెట్‌ను పిన్ని ఒళ్లో పెట్టాను. పదిహేడో ఫోటో తెరిచాను. ఆవిడ తల వంచి చూసింది. నట్టనడుమ ఊదారంగు చక్రం.

"ఏదయ్యా? ఇదేందో బండి చక్రంలా ఉంది."

"అది మన ముద్రమ్మా. మీరు సరిగ్గా దాని కిందనే ఉన్నారు" అన్నారు పరాంకుశం గారు గర్వంగా.

నేను ఆవిడ వేలు పట్టుకుని ఫోటో ఎలా పెద్దది చెయ్యాలో, ఎలా జరపాలో చూపించాను. ఆవిడ వేలు మెల్లగా లాగింది. ముద్ర కదల్లేదు. ఫోటో కదిలింది. ముద్ర కిందినుంచి రెండు జడల పిల్ల ఒకతి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని బయటికొచ్చింది.

"అమ్మా, అమ్మా! ముద్ర కిందినుంచి ఫోటోను జరపరాదు" అన్నారు పరాంకుశం గారు కంగారుపడి. "సార్, గ్రంథాలయ ఆస్తిని ముద్ర నుండి తప్పించుటకు నిబంధన ఏమన్నా…"

ధర్మలింగం గారు ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచన చాలాసేపు పడుతుందని నాకు తెలుసు. పిన్ని ఇవేమీ వినడం లేదు. తన్ను తాను చూసుకుని, "బక్కదాన్ని" అని పక్కకి తోసేసింది. ఆవిడకు కనబడేది చిన్న బిళ్లంత మేర. అందుకని కళ్లు తిప్పకుండా, ఆ బిళ్లలోకి జనాన్ని ఒక్కొక్కర్నీ తెచ్చుకుంటోంది. పాగా చుట్టిన ముసలాయన. గొడుగు. ఎవరి భుజాల మీదో కూర్చున్న చంటివాడు. మూలన రెండో ముద్ర కిందికి పోయినవాళ్లను వేలితో ఇవతలకి లాగింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంది.

వేలు ఆగింది.

జనం వెనకాల, కరెంటు స్తంభానికి ఆనుకుని ఒక మనిషి. కొంగు తల మీదుగా లాక్కుంది. సగం ముఖమే కనబడుతోంది. అందరూ స్టేజీ వైపు చూసి చేతులెత్తి అరుస్తున్నారు. ఆమె అరవడం లేదు. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు. రెండు చేతులతో ఏదో పొట్టకు అదుముకుని ఉంది.

పిన్ని దాన్ని ఇంకా పెద్దది చేసింది. అవి ఒక జత చెప్పులు.

హాల్లో ఎవరో దగ్గారు. పిన్ని తెర మీద ఆ ముఖాన్ని వేలితో ముట్టుకుంది. ముట్టుకుంటే అది కొంచెం పక్కకి జరిగింది. మళ్లీ మధ్యలోకి తెచ్చుకుంది. ఇంతలో తెర నల్లబడిపోయింది. ఆవిడ కళ్లు ఇంకా దాని మీదే ఉన్నాయి. నా కళ్లలో నీళ్లొచ్చాయి. రావా మరి?

ధర్మలింగం గారు పెన్ను తీశారు. నివేదికలో మొదటి పాఠకుని అభిప్రాయం తప్పనిసరిగా రాయాలట. "అమ్మా, సదరు పుస్తకముపై తమ అభిప్రాయము?"

"చెప్పులు మా అమ్మే తెచ్చిందయ్యా" అంది పిన్ని.

ఆయన రాసుకున్నారు. ఏం రాశారో నాకు తర్వాత తెలిసింది. 'పాఠకురాలు పాదరక్షల విషయమై సానుకూలముగా స్పందించిరి.'

శుక్రవారం మౌలాలి వచ్చి తన పని తాను చేశాడు. పని మాత్రం ముచ్చటగా చేశాడు. ఎర్రటి కాలికో, నల్లటి మూలలు, వెన్ను మీద బంగారు రంగు నంబరు. మూడు తూట్ల గుండా తెల్లదారం నున్నగా పోయింది. ఇప్పుడది తూర్పు బీరువాలో వరసలో నిలబడి ఉంది. ఆన్ అవడం లేదని నేను అంటే, పుస్తకం ఆన్ అవడం ఏమిటండీ అన్నారు పరాంకుశం గారు. ఏడాది చివర తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని తీసి, ముద్రలు రెండూ ఉన్నాయని, పేజీలేవీ చిరగలేదని, చాలా మంచి స్థితిలో ఉందని రాసి వెళ్లారు.

ధర్మలింగం గారి నివేదిక మీద పై ఆఫీసు కదిలింది. పాఠకులు పాదరక్షల గురించి అంతగా స్పందిస్తున్నందున, గ్రంథాలయం వరండాలో చెప్పుల స్టాండు ఏర్పాటు చేయవలసిందని ఉత్తర్వు. నేను భయపడ్డాను, మళ్లీ కమిటీ అనుకున్నాను. అక్కర్లేదన్నారు. చెప్పులు చదివేవి కావు, ముద్ర అక్కర్లేదు, బైండింగ్ అక్కర్లేదు. వడ్రంగి వచ్చి ఒక్క పూటలో కొట్టి వెళ్లిపోయాడు.

భ్రమరాంబ పిన్నికి ఇప్పుడు చూపు లేదు. అయినా మధ్యాహ్నం పూట కర్ర ఆనించుకుంటూ గ్రంథాలయానికి వస్తుంది. వీరరాఘవయ్య గారు మేలుకుని ఉంటే పేపరు చదివి వినిపిస్తారు. వచ్చేటప్పుడు చెప్పులు ఆ స్టాండు మీదే విడుస్తుంది. వెళ్లేటప్పుడు వాటిని వెతుక్కోవడం ఆవిడ వల్ల కాదు. మొన్న నేను కొట్లోంచి చూస్తున్నాను. ఆవిడ లేచి గుమ్మం దాకా వచ్చింది. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి, అటూ ఇటూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, స్టాండు మీంచి ఆ చెప్పుల జత తీసుకుని, రెండు చేతులతో పట్టుకెళ్లి మెట్ల దగ్గర పెట్టారు.